‘అయిపోయింది పిన్నీ’: ఒక స్టడీ ప్లానర్ కేస్ స్టడీ

2024 జూన్‌లో మా అక్క కూతురు సెకండ్ పీయూసీలోకి, అంటే కర్ణాటకలో ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చింది. అక్క వాళ్లుండేది బెంగళూరు మున్నేకొళాలలో. మారతహళ్లి బ్రిడ్జికి ఇవతల నా ఇల్లు. ఆదివారం భోజనానికి వెళ్తే, రాయాల్సిన పరీక్షలన్నీ ఒక కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. మార్చిలో పీయూసీ బోర్డు, జనవరిలో ఒకసారి ఏప్రిల్‌లో ఒకసారి జేఈఈ మెయిన్, ఏప్రిల్‌లోనే కర్ణాటక ఎంట్రన్స్ కేసీఈటీ, ఊరి వైపు కూడా ఒక ప్రయత్నం ఉండాలని ఏపీ ఈఏపీసెట్.

"నువ్వు ఏఐ మీదే కదా పిన్నీ పని చేసేది, నాకొక టైమ్‌టేబుల్ వేసివ్వవా" అంది.

ఆ టైమ్‌టేబులే పెరిగి యాప్ అయింది. నేనూ, ఆఫీసులో నాతో పనిచేసే ఇద్దరు స్నేహితులూ శని, ఆదివారాల్లో కూర్చుని కట్టాం. మొదటి ఏడాది వాడింది పదకొండు మంది. అందరూ మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోని తెలుగు ఇళ్ల పిల్లలే. ఇలాంటిది కట్టాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని, ఎక్కడెక్కడ తప్పు చేశామో, ఏం మార్చామో రాస్తున్నాను.

పుస్తకంలో లేని చాప్టర్

మొదటి వెర్షన్‌కి ఒక్క సాయంత్రం పట్టింది. పరీక్షల తేదీలు, రోజుకు దొరికే గంటలు, ఏ సబ్జెక్టులో వెనకబడిందో లాంగ్వేజ్ మోడల్‌కి (అడిగినదానికి మాటల్లో జవాబు రాసిచ్చే ఏఐకి) చెప్పి, మార్చి దాకా ప్లాన్ వేయమన్నాం. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. వారాల పట్టిక, మధ్యమధ్య రివిజన్, ఆదివారం మాక్ టెస్టు. అక్క ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించింది.

మూడో రోజు పాప ఫోన్ చేసింది. "పిన్నీ, సాలిడ్ స్టేట్ అని ఉంది, మా పుస్తకంలో ఆ చాప్టరే లేదు."

నిజమే. కర్ణాటక పీయూసీ సైన్సుకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే. సిలబస్ తగ్గించినప్పుడు పన్నెండో తరగతి కెమిస్ట్రీలోంచి సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్లు వంటివి తీసేశారు. ఇప్పుడున్నవి 10 చాప్టర్లు. నెట్‌లో మాత్రం ఏళ్ల తరబడి పోగుపడింది పాత పుస్తకాల సమాచారం. మోడల్ నేర్చుకుంది దాని నుంచే కాబట్టి పాత జాబితానే ఇచ్చింది. పీ-బ్లాక్ మూలకాల చాప్టర్ సంగతి ఇంకా చిక్కు. అది పన్నెండో తరగతి పుస్తకంలో లేదు, జేఈఈ మెయిన్ సిలబస్‌లో ఉంది. ఇవి కాక, మ్యాథ్స్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్ ప్లాన్‌లో ఎక్కడా కనిపించలేదు. ఒకచోట తేదీకీ వారానికీ పొంతన లేదు.

ఆ రాత్రే ఒక నిర్ణయం తీసుకున్నాం. సిలబస్, పరీక్ష తేదీ, ప్రశ్నల సంఖ్య లాంటివేవీ మోడల్ జ్ఞాపకం మీద వదలకూడదు. మేమే పుస్తకాలు ముందేసుకుని పట్టిక రాశాం. పదకొండో తరగతిలో ఫిజిక్స్ 14, కెమిస్ట్రీ 9, మ్యాథ్స్ 14. పన్నెండులో 14, 10, 13. ఏ ఏడాదికి ఆ ఏడాది కూడితే 37, రెండూ కలిపి 74 చాప్టర్లు. ఒక్కో చాప్టర్‌కి ముందు ఏది వచ్చి ఉండాలో కూడా రాశాం. విద్యుదయస్కాంత ప్రేరణ రాకుండా ఏసీ సర్క్యూట్లు చదివితే ప్రయోజనం ఉండదు. అవకలనం రాకుండా సమాకలనం ముట్టుకోకూడదు. ఈ పనికి రెండు వారాంతాలు పట్టాయి. మొత్తం ప్రాజెక్టులో ఇంత విసుగు పుట్టించిన పని ఇంకొకటి లేదు. ఆ ఏడాదంతా యాప్ నిలబడింది మాత్రం ఈ పట్టిక మీదే.

పట్టిక పెట్టుకున్నాక ఒకటి తేటగా కనిపించింది. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు మూడు గంటలు, అంటే ప్రశ్నకు దాదాపు రెండున్నర నిమిషాలు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. కేసీఈటీలో ఒక్కో సబ్జెక్టుకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. ప్రశ్నకు ఒక నిమిషం 20 సెకన్లు, నెగెటివ్ మార్కులు లేవు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలే, ప్రశ్నకు 68 సెకన్లు కూడా లేవు. చాప్టర్ ఒకటే, కావాల్సిన వేగాలు మూడు. అందుకని ‘నేర్చుకోవడం’, ‘వేగం పెంచుకోవడం’ అని పనిని రెండుగా విడదీశాం. నేర్చుకోవడం ఒకసారే, వేగం పరీక్షకొకటి.

పట్టికను కూడా ఒకసారి రాసి వదిలేస్తే కుదరదు. 2021 నుంచి 2024 దాకా జేఈఈ మెయిన్‌లో 90 ప్రశ్నలిచ్చి 75 రాయమనేవారు. ఆ వెసులుబాటు 2025 నుంచి పోతుందని ఆ అక్టోబర్‌లో ప్రకటించారు. అంతకుముందు 2024 కేసీఈటీలో సిలబస్ బయటి ప్రశ్నలు వచ్చాయని పెద్ద గొడవై, 50 ప్రశ్నలను లెక్కలోంచి తీసేశారు. అందుకే మాలో ఒకరు ప్రతి సోమవారం అధికారిక వెబ్‌సైట్లు చూసి పట్టిక సరిచేయాలని పెట్టుకున్నాం. ఇప్పటికీ ఆ పని చేసేది మనిషే, యంత్రం కాదు.

కుదరదు అని చెప్పగలిగేది

అసలు ప్లాన్ వేసే పనిని గూగుల్ ఉచితంగా అందించే ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్ సాల్వర్‌కి అప్పగించాం. నియమాలు ఇస్తే వాటన్నిటికీ సరిపోయే ఏర్పాటు వెతికే ప్రోగ్రామ్ అది. ముప్పావు గంటను ఒక గడిగా తీసుకున్నాం. కాలేజీ, ట్యూషన్, ప్రయాణం, నిద్ర పోగా మిగిలిన గడులు మాత్రమే దానికి చూపిస్తాం. ముందు ఏది తర్వాత ఏది, రోజుకు ఎన్ని గడులు మించకూడదు, వరసగా మూడు మ్యాథ్స్ గడులు వద్దు, రివిజన్ ఇన్ని రోజుల్లోపు రావాలి, ఇలా నియమాలు రాశాం. మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్లలో జవాబు వస్తుంది.

లాంగ్వేజ్ మోడల్‌కీ దీనికీ ఉన్న తేడా నాకు నవంబర్‌లో బాగా అర్థమైంది. ఎంత అసాధ్యమైన కోరిక కోరినా మోడల్ ఏదో ఒక ప్లాన్ ఇచ్చేది. కుదరదు అని ఒక్కసారి కూడా అనలేదు. సాల్వర్ అంటుంది. మిగిలిన గంటలు ఇన్ని, మిగిలిన పని ఇంత, దీనికి పరిష్కారం లేదు అని తేల్చి చెప్పేస్తుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ఈ మాట నవంబర్‌లోనే తెలియాలి. ఫిబ్రవరిలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

కుదరదు అని తేలాక ఏం వదలాలి? దీని మీద మా ముగ్గురికీ చాలా వాదన జరిగింది. తక్కువ మార్కులొచ్చే చాప్టర్లను యాప్ తనంతట తానే తీసేయాలని ఒక స్నేహితుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎన్ని గంటలు మిగులుతాయో, దాని మీద ఇంకేమైనా ఆధారపడి ఉందో చూపించడం వరకే యంత్రం పని. వదలాలో వద్దో చదివే పిల్ల చెప్పాలి. చివరికి అలాగే పెట్టాం, ‘వదిలేసినవి’ అని ఒక పేజీతో. మా పాప రొటేషనల్ మోషన్‌ను జేఈఈ స్థాయిలో వదిలేసి, కేసీఈటీ స్థాయి వరకు ఉంచుకుంది. ఆ నిర్ణయం తీసుకోవడానికి తనకు రెండు రోజులు పట్టింది. తీసుకున్నాక మాత్రం మళ్లీ దాని ఊసెత్తలేదు. అంతకుముందు ఆ చాప్టర్ పేరు వింటేనే టెన్షన్ పడేది.

ఇక లాంగ్వేజ్ మోడల్‌కి మిగిలింది మాట వినడం. పిల్లలు చెప్పింది అర్థం చేసుకుని సాల్వర్‌కి కావాల్సిన అంకెలుగా మార్చాలి. ఇది చిన్న పని అనుకున్నాం.

అయిపోయింది

పిల్లలు రాసే భాష తెలుగు, ఇంగ్లిష్, మధ్యలో కన్నడ. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తారు. ‘రేపు’ అనాల్సిన చోట కాలేజీ అలవాటు కొద్దీ ‘నాళె’ అంటారు. ఇవన్నీ మోడల్ బాగానే పట్టుకుంది. ‘నాలుగైదు లెక్కలు చేశాను’ అంటే మాత్రం ఒకసారి 45 అని రాసుకుంది. అది దొరికిన రోజే, మోడల్ అర్థం చేసుకున్న అంకెను ఎప్పుడూ తిరిగి చూపించి ‘ఇదేనా?’ అని అడగాలని నియమం పెట్టాం. తర్వాత అలాంటి తప్పులు చాలానే అక్కడికక్కడే దొరికాయి.

పెద్ద పొరపాటు ఇంకోచోట జరిగింది, అది మోడల్ తప్పు కాదు. సెప్టెంబర్ చివరికి మా పాప ఖాతాలో పన్నెండో తరగతి ఫిజిక్స్ సగానికి పైగా పూర్తయినట్టు ఉంది. ప్లాన్ కంటే ముందుందని సంతోషించాం. ఒక ఆదివారం కెపాసిటర్ల మీద చిన్న లెక్క ఇచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇది అయిపోయింది అన్నావు కదమ్మా?"

"అయిపోయింది పిన్నీ. ఆగస్టులోనే సార్ అయిపోగొట్టేశారు."

అయిపోయింది క్లాసులో. తను అబద్ధం చెప్పలేదు. మన ఇళ్లలో, కాలేజీల్లో ఆ మాటకు అర్థమే అది. "సిలబస్ ఎంతవరకు అయింది?" అని పెద్దవాళ్లు అడిగేదీ లెక్చరర్ ఎంతవరకు చెప్పారన్న సంగతే. మేం తెలుగులో ఆలోచించే వాళ్లమే, అయినా ఆ మాటను తిన్నగా ‘పూర్తయింది’ అనే గడిలో పడేశాం.

అప్పట్నుంచి పదకొండు మందీ రాసిన మెసేజ్‌లు వరసపెట్టి చదివాను. ‘చూశాను’ అంటే పేజీలు తిప్పారు, లేదా వీడియో చూశారు. ‘చదివాను’ అంటే థియరీ వరకు. ‘చేశాను’ అంటే లెక్కలు చేశారు, కానీ చాలాసార్లు సాధించిన జవాబు పక్కన పెట్టుకుని. ‘వచ్చు’ అనే మాట ఎవరూ తొందరపడి వాడరు. ఎవరైనా ‘వచ్చు’ అని రాస్తే దాన్ని దాదాపు కళ్లు మూసుకుని నమ్మొచ్చు. పిల్లల మాటల్లో ఇంత తేడా ఉన్నప్పుడు ఒక్క టిక్ మార్కుతో సరిపెట్టడం మా తప్పు.

యాప్‌లో చాప్టర్ స్థితిని నాలుగు మాటలుగా మార్చాం: క్లాసులో అయింది, చదివాను, లెక్కలు చేశాను, వచ్చు. ‘వచ్చు’ దగ్గర ఐదు ప్రశ్నలు అడుగుతుంది. మొదట ఆ ప్రశ్నలు మోడల్ చేతే రాయించాం, కొన్నింటికి జవాబులు తప్పు వచ్చాయి. పిల్లలు తమకే రాదనుకుని బాధపడ్డారు. ఇప్పుడు మనిషి సరిచూసిన ప్రశ్నలే వాడుతున్నాం.

ఈ మార్పు వచ్చిన రోజు పాప ఫిజిక్స్ ఎనిమిది చాప్టర్ల నుంచి మూడుకు పడిపోయింది. ఏడ్చింది. పక్కన కూర్చుని, నీకు రాకుండా పోయిందేమీ లేదు తల్లీ, నిన్న ఉన్నదే ఈరోజు కనిపిస్తోంది అని చెప్పాను. ఇలాంటి రోజున యాప్ ఏం చూపించాలన్న దాని మీద తర్వాత చాలా ఆలోచించాం. ఇప్పుడు స్థితి తగ్గినప్పుడు ఆ సంఖ్య పెద్దగా కనిపించదు, ఆ వారం చేయాల్సిన పని మాత్రమే కనిపిస్తుంది.

రెండు గంటలంటే

ఒక పనికి ఎంతసేపు పడుతుందో పిల్లలనే అడిగేవాళ్లం. సమాకలనం మిసిలేనియస్ ఎక్సర్‌సైజ్‌కు మా పాప రెండు గంటలంది. రెండు సాయంత్రాలు పట్టింది. మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్స్కీ 1979లోనే ఈ అలవాటు గురించి రాశారు. 1994లో వచ్చిన ఒక పరిశోధనలో థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజుల్లో ముగిస్తామన్నారు, పట్టింది 55.5 రోజులు. అంటే ఒకటికి 1.6 రెట్లు. మేం మొదటి వారంలో అందరికీ ఈ 1.6నే వాడి, తర్వాత ఎవరి లెక్క వాళ్లకు మార్చాం. సబ్జెక్టు వారీగా చివరి ఐదు పనుల్లో అనుకున్నదెంత, పట్టిందెంత అని చూసి మధ్యస్థ విలువ (వరసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) తీసుకుంటాం. సగటు తీసుకుంటే ఒక్క చెడ్డ రోజు మొత్తం లెక్కను లాగేస్తుంది. మా పాపకు కెమిస్ట్రీ దాదాపు అనుకున్నంతే పట్టేది, మ్యాథ్స్ రెండింతలకు మించేది. తనకు అది తెలిశాక మ్యాథ్స్‌కు తనే ఎక్కువ సమయం అడగడం మొదలుపెట్టింది.

రివిజన్ గురించి ఒక్క మాట. పియోత్ర్ వోజ్నియాక్ 1987లో తయారుచేసిన ఎస్‌ఎమ్-2 అనే పద్ధతిలో ఒక రివిజన్‌కీ ఇంకో రివిజన్‌కీ మధ్య విరామం మొదట 1 రోజు, తర్వాత 6 రోజులు, ఆపైన దాదాపు రెండున్నర రెట్ల చొప్పున పెరుగుతుంది. అది కార్డుల మీద చిన్న ప్రశ్నలకు చేసింది. చాప్టర్ రివిజన్‌కు ముప్పావు గంట కావాలి, పైగా ఆలస్యంగా ముగించిన చాప్టర్లకు నాలుగో విరామం పరీక్ష దాటిపోతుంది. అందుకని కచ్చితమైన రోజు చెప్పకుండా, ఈ నాలుగు రోజుల్లో ఎప్పుడైనా అని సాల్వర్‌కి వదిలాం.

జ్వరం తర్వాత

అక్టోబర్‌లో పాపకు వైరల్ ఫీవర్ వచ్చి నాలుగు రోజులు పడుకుంది. అప్పటి మా యాప్ మిగిలిపోయిన పనిని మర్నాటికి జరిపేది. ఐదో రోజు తెరిస్తే ఒక్క రోజుకే తొమ్మిది గంటల పని, పైన ఎర్రటి అక్షరాల్లో ‘మిగిలినవి 11’ అని. మూసేసింది. పన్నెండు రోజులు మళ్లీ తెరవలేదు. నేనడిగితే "తెరవాలంటే భయమేస్తోంది పిన్నీ" అంది. మిగతా పిల్లలు యాప్ ఎప్పుడెప్పుడు వాడారన్న రికార్డులు చూస్తే అందరిదీ ఇదే కథ. యాప్ వదిలేసిన ప్రతి ఒక్కరూ అంతకు ముందు రెండు మూడు రోజులు వరసగా ప్లాన్ తప్పి ఉన్నారు.

జరపడం తీసేశాం. రెండు రోజులు ప్లాన్ తప్పితే, ఈరోజే మొదలైనట్టు ఉన్న స్థితి నుంచి కొత్త ప్లాన్ వేస్తుంది. మిగిలినవి ఎన్ని అన్న లెక్క ఎక్కడా ఉండదు. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఒక పూట ఖాళీ, అందులో సాల్వర్ ఏమీ పెట్టకూడదు. ఇంకొక సమస్య తర్వాత తెలిసింది. కొత్త ప్లాన్ వేసిన ప్రతిసారీ రేపటి పనులు కూడా తారుమారయ్యేవి. రాత్రి చూసుకుని పడుకున్నది పొద్దున్నకు మారిపోతే ఎవరికైనా చికాకే. రాబోయే రెండు రోజుల పనులను కదిపితే సాల్వర్‌కి జరిమానా పడేలా, అంటే తప్పనిసరైతే తప్ప వాటిని ముట్టుకోకుండా రాశాం. ఈ ఒక్క నియమం వల్ల ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

సంక్రాంతికి ఊరు వెళ్లే నాలుగు రోజులను కూడా సున్నా గంటలుగా పెట్టాం. జనవరి చివర్లో జేఈఈ పెట్టుకుని ఊరేమిటని కొందరు తల్లిదండ్రులు అన్నారు. వెళ్లకపోయినా ఆ నాలుగు రోజులు పిల్లల మనసు ఊళ్లోనే ఉంటుంది. సున్నా అని ముందే రాసుకుంటే మిగతా రోజుల ప్లాన్ నిజంగా ఉంటుంది.

ఎన్ని గంటలు చదివాడో చూపించండమ్మా

ఒక తండ్రి మొదట్నుంచీ ఇదే అడిగేవారు. మా వాడు రోజూ ఎంతసేపు చదివాడో నా ఫోన్‌లో కనిపించాలి అని. మంచి మనిషి, కొడుకు మీద ప్రేమతోనే అడిగారు. డిసెంబర్‌లో ఆ ఇంటి వరకు రెండు వారాలు పెట్టి చూశాం. ఆ రెండు వారాలూ అబ్బాయి రికార్డు అద్దంలా ఉంది. రోజూ అన్ని పనులూ పూర్తి. ఐదు ప్రశ్నల దగ్గర మాత్రం ఒక్కటి కూడా దాటలేదు. తర్వాత నాతో ఒంటరిగా మాట్లాడుతూ, "నాన్న చూస్తారని టిక్ పెట్టేశాను అక్కా" అన్నాడు.

ఆ పేజీ తీసేశాం. అబద్ధపు టిక్కుల మీద సాల్వర్ వేసే ప్లాన్ ఎవరికీ పనికిరాదు. చట్టం సంగతీ ఉంది. 2023లో వచ్చి, అప్పటికింకా అమల్లోకి రాని డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి కావాలి, పిల్లల ప్రవర్తనను కనిపెట్టి చూడటాన్ని ఆ చట్టం ఒప్పదు. మేం ఇంటింటికీ వెళ్లి సంతకాలు తీసుకున్నాం. ఆ పేజీ పెట్టే ముందే చట్టం చదివి ఉండాల్సింది.

దాని బదులు తల్లిదండ్రులకు ఆదివారం ఒక చిన్న మెసేజ్ వెళ్తుంది. అందులో పిల్లల లెక్కలుండవు, ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని ఉంటుంది: బుధవారం సాయంత్రం మూడు గంటల మాక్ టెస్టు ఉంది, ఆ సమయానికి ఇంట్లో టీవీ లేకుండా చూడండి అని. ఆ తండ్రికి ఇది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ బుధవారాలు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి చెల్లెల్ని బయటికి తీసుకెళ్లేవారని అబ్బాయే చెప్పాడు.

నోటిఫికేషన్ల మీద పెట్టిన శ్రమ చాలావరకు వృథా. ఆండ్రాయిడ్ 13 నుంచి అనుమతి విడిగా అడగాలి, అది పెద్ద సమస్య కాదు. పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఇళ్లలో పిల్లల ఫోన్లు తీసి బీరువాలో పెట్టేస్తారు. ఆదివారం రాత్రి ఒక పేజీ ప్రింటు వచ్చేలా చేశాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కువ మంది వాడింది ఆ కాగితమే.

2025 మార్చి 30న ఉగాది. పీయూసీ పరీక్షలు అయిపోయాయి, ఏప్రిల్ 2 నుంచి జేఈఈ రెండో సెషన్. పండగ పూట పాప తన గోడ మీది కాగితంలో మధ్యాహ్నం వరకు గీత కొట్టి ‘సున్నా’ అని తనే రాసుకుంది. అక్క నా వైపు చూసింది, నేనేమీ అనలేదు. తన ర్యాంకును యాప్ ఖాతాలో వేయను. చదివింది తను.

ఇప్పుడు ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో హాస్టల్లో ఉంది. మొన్న వాయిస్ మెసేజ్ పంపింది. "పిన్నీ, మ్యాథ్స్‌లో రెండు యూనిట్లు క్లాసులో అయ్యాయి. నేను ఒకటి చదివాను, లెక్కలు ఇంకా చేయలేదు. ఇంటర్నల్స్ తేదీలు పంపుతా, ప్లాన్ వేసి పెట్టవా?"